వాసనకు వాసన మందా?

పుంగనూరులో మా పెద్దమ్మగారింటి గడప దాటగానే, నేను వచ్చింది ఇంట్లోకా, సెంటు కొట్లోకా అని అనుమానం వేసింది. దేవుడి గూటి దగ్గర ఊదుబత్తీలు. నడవలో సాంబ్రాణి పొగ. గోడకు తగిలించిన డబ్బాలోంచి ఉండి ఉండి బుస్సుమని మల్లెపూల వాసన. కార్తీకమాసంలో, ముసురు పట్టిన సాయంత్రంపూట మల్లెపూలేమిటా అని నేను ఆశ్చర్యపోతూ ఉండగానే, ఇన్ని పరిమళాల వెనకనుంచి మరో వాసన, పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా నిదానంగా వచ్చి పలకరించింది. పదిమందిలో పేరు చెప్పడానికి సిగ్గుపడే వాసన. పడకలో తడి ఆరీ ఆరక నిలిచిపోయిన వాసన.

"పెద్దమ్మ ఏదే?" అన్నాను మరదలితో.

"వెనక వసారాలో ఉండాది వదినా. ముందుగదిలో మంచం ఉంటే వచ్చినోళ్ళు ముక్కు మూసుకుంటాండారు. పరుపు మీద సెంటు కొడతాండా, మంచం కింద ఊదుబత్తీ ముట్టిస్తాండా. ఏం జేసినా పోలేదు. ఇంగేం జేసేది చెప్పు?"

వసారాలో పెద్దమ్మ నన్ను చూసి నవ్వింది. మంచం పక్కన చెంబునిండా నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "తాగలేదేం?" అన్నాను. "తాగితే మళ్ళా తడుస్తాది గదమ్మే" అంది, తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా.

ఎనభయ్యేళ్ళు దాటిన మనిషి వాసనకు జడిసి దాహాన్ని చంపుకుంటోంది! ఆ క్షణంలో గోడమీది మల్లెపూల డబ్బా మళ్ళీ బుస్సుమంది. దాన్ని ఊడబెరికి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. నా కోపం మరదలి మీద కాదు. ఆ పిల్ల పొద్దున్నుంచీ పనిచేసి పనిచేసి నడుం విరుచుకుంటోంది. నా కోపమంతా మన ఇళ్ళల్లో నాటుకుపోయిన ఒక నమ్మకం మీద. చెడ్డ వాసనకు మందు మంచి వాసన అనే నమ్మకం మీద.

మసిపూసి మారేడుకాయ చేయడమని మన పెద్దలు ఎందుకన్నారో గాని, ఈ మాట మన సామాన్లకు సరిగ్గా సరిపోతుంది. సోఫాలో పాలు ఒలికితే సెంటు. బీరువా ముక్క వాసన వేస్తే కలరా ఉండలు. పరుపు తడిస్తే పౌడరు. చంటిపిల్లాడు పడుకునే గది చెమ్మ వాసన వేస్తే సాంబ్రాణి. వాసన పుట్టిన చోటును ముట్టుకోము, ముక్కునే మోసం చేస్తాం. పైన పటారం, లోన లొటారం!

"పోనీలెండి, కాస్త మంచి వాసన వేస్తే తప్పేముంది?" అంటారా? పండుగనాడు సాంబ్రాణి వేసుకుంటే తప్పని నేననను. కాని ఒక వాసన మరో వాసనను చంపదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. బలమైనది ముందు తెలుస్తుంది, అది తగ్గగానే రెండోది మళ్ళీ తల ఎత్తుతుంది. ఊదుబత్తీ ఆరిపోతుంది. పరుపులో తడి మాత్రం ఎక్కడికీ పోదు. పైగా తలుపులు మూసుకున్న గదిలో ఈ పొగలన్నీ ఉబ్బసమున్న పిల్లలకూ, ముసలివాళ్ళకూ చేసే మేలేమీ లేదు.

ఇంకో సంగతి. మన ఇంటి వాసన మనకు తెలియకపోవడానికి మన బద్ధకం కారణం కాదు. ఏ వాసననైనా కొంతసేపు పీల్చగానే ముక్కు దానికి అలవాటుపడి ఊరుకుంటుంది. అందుకే గడపలో కాలు పెట్టిన చుట్టానికి గుప్పున తగిలే వాసన, పొద్దస్తమానం ఆ ఇంట్లో తిరిగే ఇల్లాలికి తగలదు. "ఇంత వాసన వేస్తున్నా ఈవిడకు పట్టదు కాబోలు" అని పెదవి విరిచే చుట్టాలు ఈ చిన్న సంగతి తెలుసుకుంటే బాగుంటుంది. ఆ చుట్టమే నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉంటే ఆమె ముక్కు కూడా ఊరుకుంటుంది.

ఇంతకీ వాసన ఎక్కడినుంచి వస్తుంది? చెక్క, దూది, స్పాంజి, ఇవన్నీ తడిని పీల్చుకునేవి. ఆ తడిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు చేరి, అక్కడున్న పాలో, చెమటో, మూత్రమో తిని బతుకుతాయి. అవి విడిచే వాయువులే మనకు వాసన. పాలు పులిస్తే ఆమ్లాలు పుడతాయి. మూత్రంలో ఉండే యూరియా విరిగితే అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా క్షారం. ఎండిపోయిన మరకలోని లవణాలు ముసురు గాలిలోని చెమ్మ పీల్చుకుని మళ్ళీ నానతాయి. వేసవిలో పోయిందనుకున్న వాసన కార్తీకంలో తిరిగి రావడంలో మాయ ఏమీ లేదు.

ఇదంతా రసాయనశాస్త్రం, మనకెందుకంటారా? మన వంటింట్లో రోజూ జరుగుతున్నది ఇదే. చేపలు కడిగేటప్పుడు పులుసు పిండి ఎందుకు రుద్దుతాం? చేప నీచువాసన కూడా క్షారజాతిదే. చింతపండు పులుపు దాన్ని విరిచేస్తుంది. చేపమీద సెంటు కొట్టి పులుసులో వేసే ఇల్లాలు లోకంలో ఎక్కడైనా ఉందా? చింతపండు సంతలో తల వంచి బేరమాడే పుంగనూరు ఆడవాళ్ళకు ఈ పాఠం నేను చెప్పాలా! చేపకు తెలిసిన న్యాయం పరుపుకు మరిచిపోయాం, అంతే. పరుపుకు చింతపండు రుద్దమనడం లేదు, రంగు అంటుకుంటుంది. దానికి వెనిగర్ ఉంది.

పడక తడిసిన వెంటనే అయితే పొడిగుడ్డతో అదిమి అదిమి తడి లాగెయ్యాలి. రుద్దితే లోపలికి దిగుతుంది. తర్వాత చన్నీళ్ళతో తడిపి మళ్ళీ అదమాలి. వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి మరకమీద చిలకరించి, కాసేపాగి మళ్ళీ గుడ్డతో అద్ది, గాలికీ ఎండకూ పెట్టాలి. బాగా ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, తెల్లవారి దులిపెయ్యాలి. రెండూ ఒక్కసారే పోస్తే నురగ వస్తుంది గాని ఒకదాన్నొకటి చంపుకుని రెండూ వృథా అవుతాయి. సోఫాలో పాలు ఒలికి పులిసిపోతే పని తిరగబడుతుంది. అది ఆమ్లం కనుక వంటసోడా నీళ్ళే దానికి తగిన మందు. అక్కడ కూడా వేడినీళ్ళు పొయ్యకూడదు, పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి గుడ్డను పట్టుకుంటాయి.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త కుప్పం వైపు తీసుకుపోతాను. మా దూరపు చుట్టాలింట్లో పట్టుపురుగులు పెంచుతారు. ఆ షెడ్డులోకి పోవాలంటే కాళ్ళు కడుక్కోవాలి, చేతులు కడుక్కోవాలి. పొగాకు పనికిరాదు. దోమల చక్రం వెలిగించకూడదు. మిగిలిపోయిన ఆకు, పెంట ఎప్పటికప్పుడు తీసి పడక శుభ్రం చేస్తారు. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు, అంటే కుబుసం విడిచే ముందు, పడక చెమ్మగా ఉండకూడదని సున్నం పొడి చల్లుతారు. కొత్త పంటకు ముందు షెడ్డులో ఫార్మలిన్ లాంటి మందు కొడితే, తలుపులు కిటికీలు తెరిచి ఆ ఘాటు పూర్తిగా పోయిందాకా పురుగులను లోపలికి తేరు. అక్కడ వాసనను వాసనతో కప్పుదామని ఎవరైనా అంటే, పంట పోగొట్టుకుంటావా అని చీవాట్లు పెడతారు.

పడక పొడిగా ఉండాలి, గాలి ఆడాలి, కుళ్ళు నిలవకూడదు. పురుగు విషయంలో మనకు ఇంత తెలుసు. నాలుగు జ్వరాలు దాటి నెల తిరక్కముందే గూడు కట్టుకునే పురుగుకు ఇచ్చిన పడక మర్యాద, మనల్ని కని పెంచి ఎన్ని జ్వరాల్లోనో పక్కన కూర్చున్న ముసలమ్మకు ఇవ్వలేమా? పురుగు ఇంటికి డబ్బు తెస్తుంది కాబట్టి దాని పడక ముందు కనిపించింది. ముసలమ్మ పడక వసారాలోకి పోయింది. నా తగాదా అంతా ఇక్కడే ఉంది.

ఇదే ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ వాయువు మన కొత్త సామాన్లలో కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. చెక్కపొట్టు అతికించి చేసిన అలమరాల్లో, ప్లైవుడ్డులో వాడే కొన్ని జిగురులనుంచి అది మెల్లమెల్లగా వెలువడుతుంది. వేడీ చెమ్మా ఉంటే మరీనూ. ఎక్కువకాలం పీలిస్తే క్యాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో 2004లో దాన్ని చేర్చారు. కొత్త అలమర కళ్ళు మండిస్తుంటే "కొత్త వాసన ఎంత బాగుందో" అని మురిసిపోయి చంటిబిడ్డ గదిలో పెట్టకండి. సొరుగులు లాగి, తలుపులు తెరిచి, కొన్ని వారాలపాటు గాలి ఆడనివ్వండి.

పట్టుపురుగుల ఇళ్ళల్లో బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ చేతికి అందుతూ ఉంటుంది. దాన్ని తెచ్చి తడిసిన పరుపుమీద చల్లుదామని కొందరికి బుద్ధి పుడుతుంది. వద్దు తల్లీ! మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు పుడుతుంది. వెనిగర్‌తోనో, స్నానాలగది కడిగే యాసిడ్‌తోనో కలిస్తే క్లోరిన్ వస్తుంది. శుభ్రం చెయ్యబోయి ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

ఇక మదనపల్లె సంగతి. సుమారు 700 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే ఊరు. అక్కడి ఆరోగ్యవరం పేరు వినని వాళ్ళు మన వైపు ఉండరు. 1915లో అక్కడ క్షయరోగుల శానిటోరియం వెలిసినప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకూ వైద్యులు నమ్ముకున్నది విశ్రాంతి, మంచి తిండి, తెరిచిన కిటికీ, ధారాళమైన గాలి. మందులు వచ్చాక జబ్బుకు మందే దిక్కయింది గాని, గాలీ వెలుతురూ విలువ పోలేదు. నేరుగా తగిలే ఎండలో క్షయ క్రిములు చచ్చిపోతాయి. గాలి ఆడే గదిలో అవి ఒకరినుంచి మరొకరికి అంటుకోవడం తగ్గుతుంది. ఒకప్పుడు రోగుల మంచాలు గాలిలోకి తెచ్చిన ఊరి పక్కనే కాపురముంటూ, దోమలొస్తాయని, దుమ్మొస్తుందని, కొత్త తెరలు మాసిపోతాయని కిటికీలు బిడాయించి, లోపల డబ్బా మల్లెలు వాసన చూస్తున్నామంటే ఏమనుకోవాలి!

పాతకాలపు సామాన్లలో ఒక తెలివి ఉండేది. నవ్వారు మంచమంటే విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ అల్లుకునేది. నులక మంచాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టేవాళ్ళు. బూరుగుదూది పరుపు కుట్లు విప్పి, దూది ఏకించి, గలీబు ఉతికి మళ్ళీ కుట్టించేవాళ్ళు. సామాను కొనేటప్పుడే దాన్ని ఎలా శుభ్రం చేస్తామన్న ఆలోచన ఉండేది. ఇప్పుడు కొనే సోఫాకు గలీబు ఊడి రాదు. పరుపు జానెడు మందం, లోపల ఏముందో బ్రహ్మకెరుక. దుకాణంలో "మెత్తగా ఉందా?" అని నొక్కి చూసే మనం, "దీని తొడుగు తీసి ఉతకవచ్చా?" అని అడగం. ఈసారి అడగండి.

బీరువా దగ్గరకు వద్దాం. ముసురు రోజుల్లో గోడకు ఆనించిన బీరువా వెనక చెమ్మ చేరి బూజు పడుతుంది. ఆరీ ఆరని బట్టలు మడిచి పెడితే లోపల కూడా అదే వరస. దీనికి మన తాతలనాటి బ్రహ్మాస్త్రం కలరా ఉండలు! కలరా వచ్చేది కలుషితమైన నీటివల్ల. బీరువాలో ఉండలు పెడితే కలరా ఆగదు, చెమ్మా ఆగదు. బొగ్గుతారులోంచి కూడా తీసే నాఫ్తలీన్ అది. గదిలోని వేడికే ఆవిరై మన బట్టల్లోకీ, ఊపిరిలోకీ చేరుతుంది. పురుగును చంపేది ఆ ఆవిరే.

ఇందులో అసలు ప్రమాదం పసిబిడ్డలకు. మన దేశంలో కొందరికి పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. అలాంటి శిశువును కలరా ఉండల మధ్య దాచిన పాత చీరలో చుట్టి పడుకోబెడితే, ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి ప్రాణాపాయం రావచ్చు. వైద్య గ్రంథాల్లో ఇది ఎప్పుడో ఎక్కిన సంగతి. యూరపు దేశాల కూటమి 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని నిషేధించింది. బాలింతకు మెత్తగా ఉంటుందని అమ్మమ్మ బీరువా అడుగునుంచి ప్రేమగా తీసే ఆ చీరను ముందు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరేసి, అప్పుడు బిడ్డ దగ్గరకు తీసుకుపోండి. ముద్ద కర్పూరం కూడా పసివాళ్ళకు మంచిది కాదు.

మరి పట్టుచీరల మాటేమిటంటారు. నీరుగట్టువారిపల్లె మగ్గాలమీద నేసే పట్టుకు శత్రువు చెమ్మ, చెమట మరక. కట్టి విడిచిన చీరను నీడలో ఆరనిచ్చి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చి పెట్టుకుంటే చాలు. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా జరపండి. ఖాళీ చేసి, తుడిచి, ఎండ ఉన్న రోజున తలుపులు బార్లా తెరవండి. చిల్లుల డబ్బాలో కట్టెబొగ్గు ముక్కలు పెట్టండి. దాని సన్నని రంధ్రాలు వాసనను పట్టుకుంటాయి. కాని గోడ కారుతుంటే బస్తా బొగ్గు పెట్టినా లాభం లేదు, ముందు గోడ బాగుచేయించాలి.

"చెప్పడం సులభమేనమ్మా, ఇవన్నీ చేసేదెవరు?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. న్యాయమైన ప్రశ్న. సెంటు డబ్బా ఎందుకు గెలిచిందో దానిలోనే జవాబుంది. డబ్బా నొక్కడానికి ఒక్క వేలు చాలు. పరుపు మిద్దెమీదికి ఎక్కించడానికి నాలుగు చేతులు కావాలి. ఇంటికి వాసన వేస్తే మాట పడేది ఇల్లాలు. మంచం ఎత్తడానికి పిలిస్తే మాత్రం మగవారికి నడుంనొప్పి! సంతనుంచి వస్తూ మల్లెపూల డబ్బా కొనుక్కొచ్చి, "ఇదిగో, నీ కష్టం తీరింది" అని చేతిలో పెట్టిన మా తమ్ముణ్ణి అడిగాను: "ఒరే, నిన్ను తొమ్మిది నెలలు మోసింది గదరా, ఆమె పరుపు నువ్వు పదహారు మెట్లు మొయ్యలేవా?"

వాడు తల గోక్కున్నాడు. కాని మోశాడు, ఆ మాట కూడా చెప్పాలి.

మూడోనాటికి ముసురు విడిచింది. నవ్వారు విప్పి ఉతికాం. మంచం పట్టెలు వెనిగర్ నీళ్ళతో తుడిచి నీడలో ఆరనిచ్చాం. పరుపు కుట్లు విప్పితే నడిమధ్య దూది గడ్డకట్టి నల్లబడింది. దాన్ని పారేసి, మంచి దూది ఎండబెట్టి, ఉతికిన గలీబులో కొత్త దూదితో కలిపి కుట్టించాం. పైన రబ్బరు షీటు, దానిమీద పాత నూలుచీర మడత. పెద్దమ్మను డాక్టరుకు కూడా చూపించాం. మూత్రం ఆపుకోలేకపోవడం వయసుతో వచ్చే శాపమని ఊరుకోకూడదు, ఇన్‌ఫెక్షనో, షుగరో కారణమైతే వైద్యముంది. నీళ్ళు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి వాసన ఇంకా ఎక్కువవుతుందని ఆయన కూడా చెప్పాడు.

మంచం మళ్ళీ ముందుగదిలోకి వచ్చింది, కిటికీ పక్కన. గోడమీది డబ్బా మరదలే తీసేసింది.

ఆ తర్వాత పరుపు తడవలేదా అంటే, తడిసింది. తడిసినప్పుడు గుడ్డ మార్చారు. అంతకంటే పెద్ద పనేమీ కాలేదు. మొన్న ఫోను చేస్తే మరదలు అంది: "వదినా, అవ్వకు ఇప్పుడు చెంబు చాలలేదు. రెండోసారి నింపిస్తాండాది."